భాగ్యనగరమున బీద యువజనుల మేలుకొలుపు

ప్రతివత్సరమును మన మహాసభలో విద్యార్థి వేతనములను గూర్చి తీర్మానములు గావించుట, పోషక మహాశయులు తమ శక్తికొలది విరాళము లొసంగుట, పరీక్షలలో నెగ్గిన బాలబాలికలకు బహుమతులు పంచుట వాడుకగా వచ్చుచున్నది. ఇది మిగుల సంతోషింపదగిన విషయము. బహుమతి నందుకొన వచ్చిన బాలుని వేదికమీదనే పెద్ద లొకరు “నాయనా! పెద్దవాడవై యేమి కాదలచితివి?” అని యడుగుదురు. వాడు తలవంచుకొని యూరకుండును. లేదా తన వాడలో తాను చూచిన రెండు మూడు పనులలో నొకదానిని గొణిగి దిగిపోవును. అంతట “ఈ కాలపు పిల్లలకు గొప్ప కోరికలే లేవు” అని మనలో కొందఱు నిట్టూర్చుట కలదు.

ఆ మాట న్యాయము కాదని మేము సవినయముగా మనవి చేయుచున్నాము. మనుష్యుడు కననిదానిని, విననిదానిని కోరజాలడు. బీదవాని బిడ్డ కోరిక వాని కన్నులకు గానవచ్చు ద్వారముల మేరకే పెరుగును. ఆ ద్వారములు తమంత తాము తెరచుకొనవు, తమంత తాము మూతపడవు. తెరచినవారును, మూసినవారును కలరు. అవి తెరచిన సంవత్సరములును, మూతపడిన సంవత్సరములును చరిత్రమున వ్రాయబడి యున్నవి. హైదరాబాదు నగర చరిత్రమునుండి ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మూసీ యిరుగట్టులు

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు నెత్తించి దాని చుట్టును నగరమును నిర్మించెను. అంతకు పూర్వమే, 1578లో కట్టబడిన పురానాపూలు గోల్కొండ త్రోవను నదికి దక్షిణపు గట్టుతో కలిపి యుండెను. నేడు మనము పాతబస్తీ యని పిలుచునది ఆ దక్షిణపు గట్టే. అచట అమీరుల దేవిడీలును, వానిని కొలిచి బ్రతుకు సిపాయీలును, గుమాస్తాలును, నౌకరులును, చేతిపనివారును ఉండిరి. ఉత్తరపు గట్టున, చాదరుఘాటునకు చేరువను, 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆంగ్లేయుల రెసిడెన్సీ వెలసెను. 1806లో సికిందరాబాదు దండుప్రదేశ మేర్పడెను. 1874లో వాడీనుండి సికిందరాబాదునకు రైలుదారి వచ్చెను.

ఈ మూడింటి వలనను మనవారి బ్రతుకులలో నొక మార్పు కలిగెను. పల్లెలలో వెట్టికి కట్టువడిన మాల, మాదిగ కుటుంబములు కొన్ని పట్టణమునకు వచ్చి బట్లరులుగను, వంటవారుగను, ఆయాలుగను, రైలుకూలీలుగను, కట్టడపు పనివారుగను కుదిరిరి. జీతము స్వల్పమే. అయినను నెల తిరుగగానే చేతికి రొక్కము వచ్చెడిది. అంతకంటె ముఖ్యమైన భేదము మఱియొకటి కలదు. పల్లెలో పని పుట్టుకతో మెడకు తగులుకొనెడిది. పట్టణమున పనిని అడిగి తెచ్చుకొనవలసి వచ్చెను. అడిగి తెచ్చుకొను పనికి నాలుగక్షరములు వచ్చినవాడు ముందు నిలుచును. ఈ సంగతి తండ్రికి తెలియుటయే బిడ్డకు బడి కావలెనను కోరికకు మొదలు.

బడులు లేకపోలేదు. మొదటి సాలారుజంగు కాలమున 1856లో దారుల్ ఉలూము స్థాపింపబడెను. 1873లో మదరసా ఆలియా, 1878లో మదరసా అయిజ్జా వెలసెను. కాని ఈ కడపటి రెండును ప్రభువంశీకుల బిడ్డల నుద్దేశించి పుట్టినవి. బట్లరు బిడ్డ వాని గడపను చూచి యుండవచ్చును, దాటుట యెట్లు?

జగన్మిత్ర మండలి

ఇట్టి కాలమున, 1888 మే 22వ తేదీన, హైదరాబాదులో నొక మాల కుటుంబమున మాదరి భాగయ్య జన్మించెను. ఇతడే తరువాత భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధుడయ్యెను. బీదతనము వలన చిన్ననాడే యొకరి యింట పనికి కుదిరి, ఆ యింటనే చదువు సంపాదించుకొనెనని చెప్పుదురు. పని, చదువు అను రెండును ఒక్క గడపలో దొరికిన యువకుడు ఆ మేలును తనకే దాచుకొనక వాడలోనికి తెచ్చెను. ఇదియే అతని జీవితమున మనము గమనింపవలసిన మొదటి విషయము.

1906లో అతడు జగన్మిత్ర మండలిని స్థాపించెను. అప్పటి కతనికి పదునెనిమిదేండ్లు. ఆ మండలి మొదట చేసిన పని బడి పెట్టుట కాదు. హరికథలును, భజనలును, ఉపన్యాసములును ఏర్పాటు చేయుట. చదువురాని వాడకు పుస్తక మిచ్చి ప్రయోజన మేమి? హరికథ యనిన నందఱును వత్తురు. కథ నడుమ త్రాగుడు మానుటను గూర్చియు, బాల్యవివాహముల కీడును గూర్చియు, దేవుని పేరిట ఆడుబిడ్డలను విడుచు దురాచారమును గూర్చియు చెప్పవచ్చును. సంఘజ్ఞానము మొదట చెవిద్వారమున ప్రవేశించెను. అక్షరజ్ఞానము దాని వెనుక వచ్చెను.

1910లో ఇసామియా బజారునను, లింగంపల్లిలోను బడులు తెరవబడెను. ఇసామియా బజారు నదికి ఉత్తరపు గట్టున చాదరుఘాటు చెంతనున్నది. పాతబస్తీ వంతెన కవతల. 1911లో మాన్యసంఘ మేర్పడెను. లోకము అమాన్యులని త్రోసివేసినవారు తమకు తాము ‘మాన్యులు’ అని పేరు పెట్టుకొనుట చిన్న విషయము కాదు. 1917 నవంబరులో బెజవాడలో కూడిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించెను. ‘పంచములు’ అను మాట ఏ శాస్త్రమునను లేదనియు, తాము ఈ నేల ఆదినివాసులమనియు వాదించి, ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్పించెను. 1922లో మాన్యసంఘము ఆది హిందూ సంఘసేవా సమితిగా మారెను. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు ప్రభుత్వమువారు ‘ఆది హిందువులు’ అను పేరును అంగీకరించిరి.

పేరుతో కూడు దొరకునా యని పరిహసించువారు ఆనాడును ఉండిరి, ఈనాడును కలరు. పేరు కూడు పెట్టదు, నిజమే. కాని బడిలో పంతులు పేరు పిలిచినపుడు తల వంచుకొను బాలుడును, తలయెత్తి పలుకు బాలుడును ఒకే చదువు చదువరు.

ఈ యుద్యమపు బడులు క్రమముగా పెరిగి 26 అయ్యెననియు, వానిలో 2,500 మందికి పైగా బాలబాలికలు చదివిరనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. 1934 ప్రాంతమున ఆ బడులను నిజాము ప్రభుత్వము తన యధీనమునకు తీసికొనెను. చందాలతో గడచుచుండిన పాఠశాలకు ఖజానా యండ దొరకుట మేలే. అయినను ఒక్క విషయము మఱువరాదు. ప్రభుత్వము తీసికొనుటకు అచట బడు లున్నవి గనుక తీసికొనెను. అవి ఉండునట్లు చేసినవారు ధనికులు కారు. వారికి తోడ్పడిన జస్టిస్ రాయ్ బాలముకుందు వంటి అన్య సంఘీయులగు ఉదారులును, పేరు తెలియని చందాదారులునే.

భాషయను గోడ

ఇక ఈ చరిత్రమున కష్టమైన ఘట్టమును చెప్పవలసి యున్నది. ఆది హిందూ బడులలో తెలుగు నేర్పిరి. బిడ్డ తల్లియొడిలో విన్న భాషలో చదువు చెప్పుట ఉచితమే. కాని 1884లో పారసీ స్థానమున ఉర్దూ ప్రభుత్వ భాష యయ్యెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూయే బోధనభాష. భారతదేశమున నొక దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన ఆ ప్రయత్నము గొప్పది. దానిని మేము తక్కువ చేయము. అయినను తెలుగు బడిలో నాలుగు తరగతులు చదివిన వాడబిడ్డకు ఐదవ మెట్టున నొక గోడ యెదురయ్యెను. కచేరీలో చిన్న గుమాస్తా పనికైనను ఉర్దూ కావలెను.

తెలుగువారికి ఆనాడు రాజధానిలో జరిగిన అవమానము మన పాఠకులకు తెలిసినదే. 1921 నవంబరు 12వ తేదీన వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. న్యాయవాదికే యట్లయిన యెడల, బట్లరు కొడుకు గతి యేమి?

కలిగిన సంఘములవారు గోడకు నిచ్చెన వేసికొనిరి. 1918లో రాజా బహదూరు వెంకటరామారెడ్డి మొదలగువారి పూనికతో నగరమున రెడ్డి హాస్టలు వెలసెను. ఊరినుండి వచ్చిన బాలునకు అచట కూడును, గూడును, గ్రంథాలయమును, తనకంటె పెద్ద విద్యార్థుల సావాసమును దొరకెను. ఆ యింటనుండి న్యాయవాదులును, ఉద్యోగులును, దేశసేవకులును బయలుదేరిరి. ఆది హిందువులకు బడులు కలవు. కాని బడికిని ఉద్యోగమునకును నడుమ నుండవలసిన ఆ యిల్లు చిరకాలము లేకపోయెను. పలువురి చదువు ప్రాథమిక పాఠశాలలోనే నిలిచిపోవుటకు కారణము సోమరితనము కాదు. ఈ నడిమి మెట్టు లేకపోవుటయే.

మన లోపమును గూడ దాచరాదు. ఉద్యమఫలము అందఱకును సమముగా అందలేదు. మాలలకును మాదిగలకును నడుమ పొరపొచ్చెములు కలిగెను. 1931లో మాదిగ సోదరులు అరుంధతీయ మహాసభను వేఱుగా నేర్పరచుకొనిరి. పల్లెలోని వెట్టి మాట భాగ్యరెడ్డివర్మ మఱువలేదు. 1931లో తాను ప్రారంభించిన ‘భాగ్యనగర్’ పత్రికలో ‘వెట్టి మాదిగ’ యను కథ వ్రాసెను. అయినను పట్టణపు బడుల వెలుగు పల్లెలకు ప్రాకుటకు చాలకాలము పట్టెను. 1939 ఫిబ్రవరి 18వ తేదీన అతడు పరమపదించెను.

రెండవ తరము

తరువాతి తరమున బి. ఎస్. వెంకటరావు ప్రముఖుడు. ప్రజ లతనిని హైదరాబాదు అంబేద్కరని పిలిచిరి. నిజాము ప్రభుత్వపు కడపటి దినములలో, 1947లో ఏర్పడిన మంత్రివర్గమున అతడు విద్యామంత్రి యయ్యెను. అణగారిన వర్గముల విద్యకై కోటి రూపాయల నిధి అతని కృషి వలన మంజూరయ్యెను. అతని రాజకీయ మార్గమును గూర్చి ఆనాడే భిన్నాభిప్రాయము లుండెను. వానిని తీర్చుట ఈ వ్యాసమున మా పని కాదు. బడికిని ఉద్యోగమునకును నడుమ నున్న మెట్టునకు ధనము కావలెనని అతడు గుర్తించుటయే ఇచట మాకు ముఖ్యము.

ఈ మేలుకొలుపు ఆడుబిడ్డలయందును ఫలించెను. సికిందరాబాదులో సఫాయి పని చేయు మెహతరు కుటుంబమున 1928లో పుట్టిన టి. ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 1960లో ఉపసభాపతి యయ్యెను. చిలకలగూడలో 1918లో జన్మించిన ఈశ్వరీబాయి ఉపాధ్యాయురాలుగా జీవితము నారంభించి 1967లో ఎల్లారెడ్డి నియోజకవర్గమునుండి శాసనసభ కెన్నికయ్యెను. ఒక్క సదాలక్ష్మి ఆ యాసనమున కూర్చుండగా చూచిన వాడలోని ఆడుబిడ్డ కోరిక ఎంత పెరిగియుండునో లెక్కకట్టగలవా రెవరు?

అదే గోడ, అవతలి వైపు

ఇప్పుడు వంతెన దాటి పాతబస్తీలోనికి పోవుదము. మన సంఘపు వ్యాసమున ముస్లిము సోదరుల మాట యేల యని యెవరైన నడుగవచ్చును. మనవారు ఎదుర్కొన్న గోడనే వారును ఎదుర్కొనిరి. అది మఱియొక కాలమున, మఱియొక వైపునుండి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. జాగీర్దారీ పోవుట న్యాయమే. దాని క్రింద నలిగిన రైతులలో మనవారే యధికులు. కాని జాగీర్దారుతోపాటు అతని కొలువుపై బ్రతుకు సిపాయీ, జమాదారు, గుమాస్తా, వంటవాడును పని కోల్పోయిరి. పాతబస్తీ గల్లీలలో బీదలగు ముస్లిములు పలువురు ఇట్టివారే. కలిగినవారిలో కొందఱు పాకిస్తానమునకు తరలిపోయిరి, పోలేనివారు మిగిలిరి. ఆ దినములలోనే ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము బోధనభాష యయ్యెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడెను. 1966లో తెలుగు అధికారభాష యయ్యెను. నిన్నటివరకు కచేరీ తలుపులు తెరచిన భాషయే ఇపుడు ఉర్దూ బడిలో చదివిన బీద బాలునికి గోడ యయ్యెను. 1920 ప్రాంతమున తెలుగు వచ్చిన ఆది హిందూ బాలుడును, 1960 ప్రాంతమున ఉర్దూ వచ్చిన ముస్లిము బాలుడును ఒకే గవాక్షము ముందు నిలిచి, ఒకే మాట విని మరలిరి: “నీ చదువు ఇచట చెల్లదు.”

అట్లు మరలిన యువకుడు తన గల్లీలో కనబడిన పనికే పోయెను. లాడ్‌బజారు లక్కగాజులు, జర్దోజీ కుట్టుపని, వెండి రేకును సుత్తెతో కొట్టి వరఖు చేయుట, ఆటోరిక్షా నడుపుట, మరమ్మతు దుకాణము. ఇవి తక్కువ పనులని మా యభిప్రాయము కాదు. లక్కగాజుల పనితనమునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. కాని పనితనము గుర్తింపు పొందినంత మాత్రమున పనివాని కూలి పెరుగదు. ఇంటిలో కూర్చుండి గాజులకు రాళ్లు అంటించు ఆడుబిడ్డ లెక్కకు కూలి తీసికొనును గాని, ఆ గాజు బజారులో ఏ ధర పలుకునో నిర్ణయించునది ఆమె కాదు. 1970ల తరువాత అరబ్బు దేశముల కొలువు మఱియొక ద్వారమయ్యెను. పెదతండ్రి కువైటునో, దుబాయినో చేరిన యింటి బాలుడు తానును అచటికే పోదలచును. చూచినదానినే కోరుట యనగా ఇదియే.

2005లో భారత ప్రభుత్వము నియమించిన సచ్చార్ సంఘము 2006లో తన నివేదిక నొసంగి, ముస్లిములు చదువునను, ప్రభుత్వోద్యోగములందును వెనుకబడియుండుటను దేశమునకు విశదపరచెను. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిము తెగలకు విద్యోద్యోగములలో 4 శాతము ప్రత్యేక స్థానములు కల్పించెను; 2010లో సుప్రీము కోర్టు మధ్యంతరపు టుత్తరువుతో అవి కొనసాగెను. 2016లో తెలంగాణ ప్రభుత్వము అల్పసంఖ్యాకులకై గురుకుల పాఠశాలలను ప్రారంభించెను. మన బిడ్డలకు 1980 దశకమునుండియే సాంఘిక సంక్షేమ గురుకులములు కలవు. 1918లో రెడ్డి హాస్టలు ఒక సంఘమున కిచ్చిన కూడు, గూడు, సావాసములను ఇవి బీదల కందించుచున్నవి. ఆలస్యముగనే యైనను నడిమి మెట్టు కట్టబడుచున్నది.

మహాసభకు మనవి

ఈ చరిత్రమునుండి మాకు తోచినవి నాలుగు మాటలు. మొదటిది: సంఘజ్ఞానము ఉద్యోగమునకు ముందు నడచును. 1906లో హరికథ, 1910లో బడి. నేడు మనము వేతన మొసంగి ఊరకుండుచున్నాము. వాడకు పోయి మాటాడుట మానితిమి. రెండవది: బిడ్డకు ఇంటిభాషలో ఆరంభించి, కచేరీభాషలో ముగియు చదువు కావలెను, ఒకటి చాలదు. మూడవది: బిడ్డలు రాలిపోవునది నడిమి మెట్టుననే. నూటికి తొంబది మార్కులు వచ్చినవానికి బహుమతి నిచ్చుటతోపాటు, పదవ తరగతి ముగిసి ఇంటి కూలికి పోవుటయో, చదువుటయో తోచక నిలిచినవానికి ఆ రెండేండ్ల యండ నిచ్చుట మేలు. ఆడుబిడ్డ విషయమున నిది మఱింత యవశ్యము. నాలుగవది: మన ఫలము మనలోని వెనుకటివారికి అందినదా యని ప్రతివత్సరము పరిశీలింపవలెను, 1931 నాటి పొరపొచ్చెము మరల రానీయరాదు.

పోషక మహాశయులకు ప్రత్యేకముగా నొక్క ప్రార్థన. మీరు ధన మొసంగుచున్నారు. ఒక్క దినమును గూడ ఒసంగుడు. మీలో వైద్యులు, యంత్రకారులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వర్తకులు కలరు. ఏటి కొకమారు వాడకు వచ్చి, మీ పని యెట్టిదో, దానికి మీరు ఏ మెట్లెక్కితిరో, ఏ మెట్టున జారితిరో బాలబాలికలకు చెప్పుడు. వారిని మీ పనిచోటికి తోడ్కొనిపోయి చూపుడు. వంతెన కవతల గల్లీ బిడ్డలు వినవచ్చిన యెడల వారికిని చోటీయుడు. మనకు మూయబడిన తలుపు ఎట్లుండునో మనకు తెలిసియున్నది గదా!

అపుడు వచ్చు సంవత్సరమున ఈ వేదికపై “అమ్మా, నీవేమి కాదలచితివి?” అని యడిగినచో ఆ బాలిక ఊరకుండదు. తాను చూచినదానిని చెప్పును. చెప్పి, “దానికి నేనేమి చదువవలెను?” అని మనలను తిరిగి ప్రశ్నించును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు మన మహాసభ ఇప్పటినుండి సిద్ధపడుగాక యని మా కోరిక.